ఒక కొలత ఎక్కువ పడిన తూటా

బుధవారం పొద్దున ఆరు గంటలకల్లా గుంటూరు స్టేషన్లో ఉన్నాను. చేతిలో గిద్దలూరుకు జనరల్ టికెట్టు, భుజాన ఒక సంచి. సరదాగా చూసిరావడానికి కాదు ఈ ప్రయాణం. నాలుగు రోజుల కింద నేను చేసిన పొరపాటు ఒకటి కొమరోలు దగ్గర ఒక పెద్దాయన ఇంట్లో డబ్బాలో ఉంది. అది పేలేలోపు చేరుకోవాలి.

నాకు తుపాకి సరదా. లైసెన్సుంది. ఆదివారాలు క్లబ్బులో గాల్లోకి ఎగరేసే మట్టి బిళ్ళలు కొడుతుంటాను. అక్కడ టీ తాగేటప్పుడు మాటలన్నీ తిరిగి తిరిగి ఒకచోటికే వస్తాయి: ఎవరు ఎప్పుడు మొదటిసారి సొంతంగా తూటా నింపారు? కాల్చిన ఇత్తడి గొట్టాన్ని పారేయకుండా మళ్ళీ మందూ గుళ్ళూ పోసి మూసి వాడుకోవడం పాతకాలపు విద్య. రిటైరైన డాక్టరు గారు భోజనాల బల్ల మీద నేర్చుకున్నారట. ఆ తర్వాత వాళ్ళావిడ ఆ బల్ల మీద అన్నం వడ్డించనే లేదట. ఇంకొకాయన తన మొదటి తూటా పేల్చేటప్పుడు రెండు కళ్ళూ మూసుకున్నాడట. అది ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదట. చెప్పుకోవడానికి నాకే ఏమీ లేదు. యాభై రెండేళ్ళ వయసులో ఆ లోటు తీర్చుకుందామని యాకోబు మామను పట్టుకున్నాను.

యాకోబు మామకు డెబ్బై దాటాయి. చుట్టరికం లేకపోయినా వరస కలిపి పిలుచుకుంటాం. వాళ్ళ నాయన మిలిటరీ నుంచి తెచ్చుకున్న విద్య, పంట కాపలాకు లైసెన్సు తుపాకి. పందులొచ్చినా కోతులొచ్చినా ఆకాశంలోకి ఒకటి పేల్చి బెదరగొడతాడు. పోయిన శనివారం నన్ను వసారాలో కూర్చోబెట్టి, తెల్లగుడ్డ పరిచి, పది ఖాళీ గొట్టాలు పెట్టాడు. చిన్న సీసాలో సరిగ్గా పది కొలతల మందు పోసి ఇచ్చాడు. చెప్పింది ఒక్కటే మాట.

"మందు పోసేటప్పుడు నోరు తెరవగాకు అల్లుడూ. ఎవురు పిలిచినా పలకగాకు."

సగంలో బోరుకు కరెంటొచ్చింది. మోటారు వేయడానికి మామ చేనుకు ఉరికాడు. ఇంట్లోంచి కోడలు రూతు "కాఫీ తాగుతారా సార్?" అని కేకేసింది. పిలిస్తే పలకకుండా ఉండటం మనవల్ల అయ్యే పనా? "చక్కెర తక్కువమ్మా" అన్నాను. మళ్ళీ పని మొదలుపెట్టాను. తొమ్మిది నింపేసరికి సీసా ఖాళీ. పదో గొట్టం నా మొహం చూస్తూ నిలబడింది.

మామ తిరిగొచ్చేలోగా ఆ గొట్టాన్ని జేబులో వేసుకున్నాను. "కాస్త మందు ఒలికింది మామా, తొమ్మిదే అయినాయి" అన్నాను. ఆయన నమ్మాడు. మంగళవారం సాయంత్రం ఉతకడానికి ప్యాంటు తీస్తే జేబులో గొట్టం దొరికింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ తెల్లగుడ్డ మీద ఒక్క నలక కూడా లేదని. ఒలకని మందు ఎక్కడికి పోతుంది? ఏదో ఒక తూటాలో రెండుసార్లు పోశాను. మూత వేశాక పైకి ఏమీ తెలియదు. అది పేలితే మామ పాత తుపాకి గొట్టం చీలి మనిషి చేతులు, కళ్ళు పోవచ్చు.

వెంటనే ఫోన్ చేశాను. మామ ఫోను ఇంట్లో పెట్టి చేనుకు పోయాడు. రూతు ఎత్తింది. నేను దద్దమ్మనని ఆ పిల్లకు చెప్పుకోవడానికి సిగ్గేసింది.

"మామకు చెప్పమ్మా, మందు రెండుసార్లు పడిందని. జాగ్రత్తగా ఉండమను."

"మా మామ మందు ముట్టడు సార్! దేవుని మందిరానికి పోయే మనిషి. ఎవురు చెప్పినారు మీకు?" అని పెట్టేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా స్విచ్ఛాఫే వచ్చింది. ఆ రాత్రి నిద్ర లేదు.

రైలు అరగంట ఆలస్యంగా కదిలింది. ఈ దారిన వచ్చేవారు వినుకొండ దాటేలోపే నీళ్ళు నింపుకోవడం మంచిది. నేను నింపుకోలేదు. మార్కాపురం రోడ్డులో పది దాటింది. పలకల ఫ్యాక్టరీలో పని చేసే ముగ్గురు దిగిపోతే, వాళ్ళ చోట కందికాయల మూటతో ఒక పెద్దావిడ కూర్చుంది. నన్ను ఎగాదిగా చూసింది.

"యాడికి పోతుండావు నాయనా?"

"కొమరోలు, చుట్టాలింటికి."

"ఎవరికన్నా బాగలేదా ఏంది? మొహం అట్ల పెట్టినావు."

"ఇంకా బాగానే ఉన్నాడమ్మా" అన్నాను. ఆ 'ఇంకా' నాకే నచ్చలేదు. ఆవిడ గుప్పెడు కందికాయలు నా ఒళ్ళో పోసింది. ఒలిచి తింటూ కంభం దాటాను. రుచి తెలియలేదు.

గిద్దలూరులో దిగేసరికి పదకొండున్నర. బస్టాండు ఎదురుగా బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జి బాగుంటాయి, ఆ ఊరు వెళ్ళినవారు వదలొద్దు. నేను రెండు ముద్దలు తిని ఆకు మడిచేశాను. కొమరోలు బస్సు అప్పుడే కదులుతుంటే ఉరికి ఎక్కాను. కండక్టరు "నిదానం పెద్దాయనా, బస్సు యాడికీ పోదు" అన్నాడు. దారి పొడుగునా ఎర్రనేల, బత్తాయి తోటలు, ఎండిన బోర్ల గొట్టాలు. కొమరోల్లో ఆటో మాట్లాడుకుని పల్లె చేరేసరికి ఒంటిగంటన్నర.

రూతు గడపలో నిలబడి ముభావంగా చూసింది. "మామ చేనుకాడ ఉండాడు. కోతులు పడినాయంట, తుపాకి ఎత్తుకొని పోయినాడు."

ఆ మాట పూర్తి కాకముందే చేను వైపు నుంచి ఢామ్మని మోత వినిపించింది.

ఎట్లా పరుగెత్తానో నాకు తెలియదు. కంది చాళ్ళ మధ్య పడ్డాను, లేచాను, చెప్పు ఒకటి పోయింది. "మామా! మామా!" అని అరుస్తున్నాను. జవాబు లేదు. ఏడుపొచ్చేసింది. మంచె కనబడింది. దాని కింద యాకోబు మామ నిలబడి, తాపీగా ఇంకో తూటా పెడుతున్నాడు.

"ఏంది అల్లుడూ, ఆ ఉరుకుడేంది? కోతులు అటు పోయినాయి, నువ్వు ఇటు వస్తుండావు."

"పేల్చొద్దు మామా, కింద పెట్టు!"

ఆయన తుపాకి దించాడు. రొప్పుతూనే మొత్తం చెప్పాను. నేను కాఫీకి పలికింది, గొట్టం జేబులో వేసుకుంది, ఒలికిందని అబద్ధమాడింది, ఏదీ దాచలేదు. సంచిలోంచి ఖాళీ గొట్టం తీసి ఆయన చేతిలో పెట్టాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తుపాకిలోని తూటా బయటికి తీసి, డబ్బాలో ఉన్న ఏడింటి పక్కన పెట్టి, నన్ను దూరంగా కూర్చోమన్నాడు. ఒక్కొక్కటే విప్పి, దేని మందు దానికి విడిగా పాత పేపరు మీద పోశాడు. ఆరోది పోసినప్పుడు ఆయన చెయ్యి ఆగింది. ఆ కుప్ప మిగతావాటికి రెండింతలుంది.

పేపరు పక్కకు జరిపాడు. తర్వాత మంచె నీడలో చతికిలబడ్డాడు.

"నాకు పదహారేండ్లప్పుడు మా నాయన నేర్పించినాడు. నేనూ ఇట్లనే ఒకదాంట్లో రెండుసార్లు పోసినా. నాకు తెలుసు అల్లుడూ, ఆ రాత్రే తెలుసు. చెప్తే కొడతాడని గమ్మునున్నా. మా నాయన మంచం నా మంచానికి నాలుగడుగులు. తెల్లారి చేనుకాడ తుపాకి గొట్టం చీలింది. మా నాయన ఎడం చేతికి రెండు వేళ్ళు పోయినాయి."

నేను లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

"తుపాకి పాతదైపోయిందని ఊరంతా చెప్పుకున్నాడు మా నాయన. నా మీద అనుమానమే రాలేదు. ఇంకా ముప్పై ఏండ్లు బతికినాడు. దినామూ ఆ చెయ్యి చూస్తానే అన్నం తిన్యా. ప్రార్థనలో దేవునికి చెప్పినా. మా నాయనకు మాత్రం చెప్పలా." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నువ్వు రైలెక్కి వచ్చినావు. నేను నాలుగడుగులు పోలేకపోయినా. ఇప్పుడు ఎవురికి చెప్పుకోవాల?"

నేను నీళ్ళ చెంబు అందుకున్నాను. ఇద్దరం మందు పేపరు మీద నీళ్ళు గుమ్మరించి మట్టి కప్పాం. ఇంటికొచ్చాక రూతు అన్నం పెట్టింది. ఫోనులో నేనన్న మందు తాగేది కాదని మామ చెప్పేసరికి ఆ పిల్ల నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మామ నవ్వలేదు. కంచం ముందు కూర్చుని నాలుగు మెతుకులు కలిపి లేచిపోయాడు.

నాలుగు గంటల బస్సుకు గిద్దలూరు చేరి, సాయంత్రం రైలెక్కాను. కిటికీ పక్కన చోటు దొరికింది. నల్లమల మీద ఎండ దిగిపోతోంది. క్లబ్బులో చెప్పుకోవడానికి నాకు ఇప్పుడు ఒక కథ ఉంది. కానీ ఆదివారం దాన్ని చెప్పాలనిపించడం లేదు. డాక్టరు గారి బల్ల గురించి నవ్వినట్టు దీని గురించి నవ్వలేం. ఒక మనిషి చేతులు దక్కాయన్న సంతోషం ఉంది, దాని పక్కనే చెప్పలేనంత దిగులు కూడా ఉంది.

కంభం చేరకముందే ఫోన్ మోగింది. రూతు గొంతులో కంగారు.

"సార్, మామ సమాధుల దొడ్లోకి పోయి వాళ్ళ నాయన సమాధికాడ కూచున్నాడు. గంటయింది. ఒక్కడే మాట్లాడతాండాడు, ఏడుస్తాండాడు. నాకు భయంగా ఉంది, పోయి పిల్చుకొని రానా?"

"పిలవొద్దమ్మా" అన్నాను. "అంతా చెప్పుకోనీ."