మస్తూరా ఓపా కుడి చెయ్యి

బుఖారా పాతబస్తీ ఆడవాళ్ల ఆవిరిస్నానాల హమాములో ముప్ఫయ్యొక్క ఏళ్లుగా వీపులు రుద్దుతున్న మస్తూరా ఓపాకు, అంటే మస్తూరా అక్కకు, ఊళ్లో జనం మొహాల కంటే వీపులే బాగా గుర్తు. బజారులో ఎవరైనా పలకరిస్తే వెర్రిమొహం వేసేది. వాళ్లు అటు తిరిగి నాలుగడుగులు వేశాక, "ఓసి, ఎడమ రెక్క కింద పుట్టుమచ్చ! నువ్వా!" అని జనమంతా వినేలా కేకేసేది. ఆ భయానికి కొందరు ఆవిడ కనబడితే వెనక్కి వెనక్కి నడిచి సందులోకి తప్పుకునేవారు.

మనిషి పీపాలా ఉంటుంది. నోరు ఇంకా పెద్దది. వేడిరాయి మీద బోర్లా పడుకున్నాక జిల్లా అధికారి పెళ్లామైనా, ఉల్లిపాయలమ్మే మనిషైనా ఒకే రకం మట్టి వదులుతారని ఆవిడ సిద్ధాంతం. నిజానికి అధికారి పెళ్లామే రెండు గుప్పెళ్లు ఎక్కువ వదులుతుందని కూడా చెప్పేది, ఆ పెళ్లాం వినేలాగానే.

యాభై రెండో ఏట, వసంతంలో నవ్రూజు పండగ వెళ్లిన వారానికి కుడిచేతి చూపుడువేలి మీద తెల్లటి చుక్క వచ్చింది, కందిపప్పంత. సున్నం అనుకుని గోకింది. పోలేదు. ఆప్రికాట్లు పండే వేళకు రెండు చేతుల వేళ్లూ, మణికట్లూ, మూతి చివరలూ తెల్లబడ్డాయి. బొల్లి.

ఎవరూ ఏమీ అనలేదు. అంటే తిట్టి పారేసేది, తీరిపోయేది. "ఇవాళ గుల్సుమ్‌తో రుద్దించుకుంటాలే ఓపా, నీకెందుకు శ్రమ" అనేవారు. అక్కడే పనిచేసే కుర్రది గుల్సుమ్. అది రుద్దితే వీపు మీద పిల్లి నడిచినట్టుంటుంది. అయినా గుల్సుమ్ దగ్గరే వరస పెరిగింది. హమాము చూసుకునే హోసియత్ మంచిది, అంటే ధైర్యం లేనిది. ముందు మస్తూరాను అల్లం తేనె కలిపే పనిలో పెట్టింది. ఒళ్లంతా పూసుకునే ఆ ముద్దను ఆ చేతులతోనే కలుపుతోందని ఎవరో గొణిగారు. అక్కణ్నుంచి తీసి తువ్వాళ్లు మడతపెట్టమంది.

ఇక వైద్యాలు. ఊళ్లో నాలుక ఉన్న ప్రతివాడూ వైద్యుడే. "చేపలూ పాలూ కలిపి తిన్నావా?" అని అందరూ అడిగారు. "తిన్నాను, పుట్టినప్పట్నుంచీ తింటున్నాను, యాభై ఏళ్లు ఊరుకుని ఇప్పుడు అలిగాయా?" అంది. ఒక మంత్రగత్తె విల్లో చెట్టు కొమ్మతో నలభై దెబ్బలు కొట్టింది. నలభై ఒకటోది మస్తూరా కొట్టింది. ఒకాయన అంజూరపు పాలు పూసి ఎండలో కూర్చోమన్నాడు. తెల్లమచ్చలు అలాగే ఉన్నాయి, చుట్టూ చర్మం మాత్రం కాలి బొబ్బలెక్కింది. ఇంట్లో మొగుడు సత్తోర్ పొద్దంతా డొమినో ఆడి వచ్చి, "నాకైతే తేడా ఏం కనబడ్డంలేదే" అన్నాడు. అది ప్రేమో, నిజంగానే చూడలేదో ఆవిడకు అంతుబట్టలేదు.

డాక్టరు ఫరంగీజ్ హమాముకు వచ్చింది మాత్రం స్నానానికే. చర్మాసుపత్రిలో పని, ముప్ఫై దాటని మనిషి. తువ్వాలు అందుకుంటూ ఆ చేతుల్ని పట్టుకుని వదల్లేదు.

"ఓపా, ఇవి ఎన్నాళ్లయింది?"

"తువ్వాలు తీసుకోమంటే చేతులు తీసుకుంటావేం పిల్లా?"

"మా ఆసుపత్రిలో కొత్త మందు పరీక్ష జరుగుతోంది. చేతుల బొల్లికే. ఎనభై మంది కావాలి. డెబ్భై తొమ్మిది మంది దొరికారు."

"అంటే మిగిలిన గాడిద నేనన్నమాట" అంది మస్తూరా. మర్నాడు పొద్దున్నే వెళ్లింది.

సంతకం పెట్టాల్సిన కాగితాలు పదహారు పేజీలు. కళ్లజోడు తేలేదని చెప్పి మొత్తం డాక్టరు చేతే చదివించింది. తొమ్మిదో పేజీలో ఒక మాట దగ్గర ఆపింది.

"మళ్లీ చదువు."

"ఇష్టం లేకపోతే ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే, మానేసి వెళ్లిపోవచ్చు."

"నా నిఖా కాగితంలో ఈ ముక్క లేదే! ఎవరు రాశారమ్మా ఇది, చేతులు ముద్దుపెట్టుకోవాలి" అని అక్కడ సంతకం పెట్టింది.

రోగమేమిటో కూడా అడిగింది. ఒంట్లో కాపలావాళ్లుంటారనీ, బయటి దొంగల్ని పట్టాల్సినవాళ్లు ఇంట్లో రంగు తయారుచేసుకునే కణాల మీద పడి కొడుతున్నారనీ, ఈ మందు వాళ్లను కాస్త చల్లబరుస్తుందనీ ఫరంగీజ్ చెప్పింది.

"తెలిసింది. మా వీధి పోలీసులే నా ఒంట్లోనూ ఉన్నారు."

రెండు ట్యూబులు ఇచ్చారు. ఒకదాని మీద 'కుడి', రెండోదాని మీద 'ఎడమ'. ఒకదాంట్లో మందు, ఒకదాంట్లో వట్టి క్రీము. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఏ చేతిది ఆ చేతికి చెక్కపుల్లతో రాసుకోవాలి. వారానికి మూడుసార్లు ఆసుపత్రికొచ్చి, చర్మానికి వైద్యపు వెలుగు తగిలించే దీపం పెట్టెలో రెండు చేతులూ పెట్టాలి.

"ఏ ట్యూబులో మందుందో చెవిలో చెప్పు."

"నాకూ తెలీదు ఓపా."

"నీకూ తెలీదా? మరి ఏం డాక్టరువి?"

"తెలిస్తే నా కళ్లు నన్నే మోసం చేస్తాయి. మందు రాసిన చేతిని ముద్దుగా చూస్తాను. అందుకే ఆ జాబితాకు సీలు వేసి వేరే ఊళ్లో దాచారు."

మస్తూరా జీవితంలో ఎవరి రహస్యాన్నీ ఉండనిచ్చిన మనిషి కాదు. రెండు ట్యూబులూ వాసన చూసింది. నాలుక చివర రాసుకుంది, రెండూ చేదే. సత్తోర్ నిద్రపోతుంటే బట్టతల కుడిసగానికి కుడిదీ, ఎడమసగానికి ఎడమదీ రాసి రెండు వారాలు కనిపెట్టింది. ఎటువైపూ ఒక్క వెంట్రుకా మొలవలేదు. సత్తోర్ మాత్రం తలగడ జిడ్డెక్కుతోందని సబ్బుల కంపెనీని తిట్టుకున్నాడు.

మూడో నెలలో ఒక పొద్దున ముల్లంగి తరుగుతూ ఆగిపోయింది. కుడిచేతి వెనక, తెల్లటి మచ్చ మధ్యలో, కౌజుపిట్ట గుడ్డు మీద ఉన్నట్టు గోధుమరంగు చుక్కలు. కత్తి పక్కనబెట్టి కిటికీ దగ్గరికి వెళ్లి లెక్కపెట్టింది. పదకొండు. ఎడమ చెయ్యి పెరుగు ముంతలా తెల్లగా అలాగే ఉంది.

ఆసుపత్రి బల్ల మీద ఆవిడ పక్కన, వెళ్లినప్పుడల్లా, నిగీనా అనే పిల్ల కూర్చునేది. జరీపని చేసే పంతొమ్మిదేళ్ల పిల్ల, చేతులు పొడుగు చేతుల చొక్కాలో దాచుకుని. "నాకు ఏ చేతికీ రాలేదు పిన్నీ. మానేస్తానేమో" అంటుండేది.

"మానకు. చెట్టు నాటిన మర్నాడే కాయలకు నిచ్చెన వేస్తారా?" అంది మస్తూరా. ఆ మాట నిగీనాకు చెప్పి ఇంటికెళ్లిన ఆవిడే, అదే సాయంత్రం కుడి ట్యూబు తీసి ఎడమ చేతికి కూడా పూసింది. మర్నాడూ పూసింది. ఇక అదే అలవాటైంది. ఎడమ ట్యూబును పొయ్యి వెనక పడేసింది.

నెల దాటేసరికి ఎడమ చేతి మీదా చుక్కలు పొడిచాయి. ఫరంగీజ్ భూతద్దంతో చూసింది, ఫోటోలు తీసింది, పక్కనున్న పెద్ద డాక్టరుతో మెల్లగా అంది. "రెండూ ఒకేలా వస్తున్నాయి. ఇది దీపం చలవే కావచ్చు. మందు గొప్పేం లేదేమో."

తలుపు తెరిచే ఉంది. బల్ల మీద నిగీనా వింది. "చూశారా పిన్నీ, వట్టి క్రీమే. రేపట్నుంచి రాను" అని సంచి సర్దుకుంది.

మస్తూరా కాళ్లు గుమ్మం దాటి వీధిలోకి వెళ్లాయి. రొట్టెలకొట్టు దాకా వెళ్లి అక్కడ ఆగిపోయాయి. ఒక మందు చచ్చిపోబోతోంది, తన చేతుల్లో, తన చేతుల వల్లే. పనిచేసే మందు. ఆవిడ రొట్టెలవాణ్ని ఊరికే ఒక తిట్టు తిట్టి వెనక్కి తిరిగింది. నిగీనా గేటు దగ్గరే ఎదురైతే రెక్క పుచ్చుకుని లోపలికి లాక్కెళ్లింది.

"రాసుకో పిల్లా!" అని డాక్టరు గదిలో అరిచింది. "ఎడమ చేతికి కుడిదే పూశాను. ముప్ఫయ్యెనిమిది రోజులు. ఆ చుక్కలు దొంగ చుక్కలు."

ఫరంగీజ్ మొహం పాలిపోయింది. "ఎందుకు చేశారు ఓపా?"

మస్తూరా గొంతు తగ్గించింది. "తువ్వాళ్లు మడతపెట్టలేకపోయాను. నేను రుద్దే మనిషిని."

 ఫరంగీజ్ కలం తీసి రాయడం మొదలెట్టింది. "ఆ తారీకు నుంచి ఎడమ చెయ్యి లెక్కలోకి రాదు. కుడిది చూడాలో వద్దో పెద్దలు తేలుస్తారు. అయినా ఓపా, వచ్చేవారం ఎలాగూ దొరికిపోయేవారు. ట్యూబులు తూస్తాం మేము. ఒకటి ఖాళీ, ఒకటి నిండుగా ఉంటే తెలీదా?"

"ముందే చెప్పుంటే ఇంత సిగ్గుపడేదాన్ని కాదుగా, ముదనష్టపుదానా!"

నిగీనా మొదటిసారి పళ్లు కనబడేలా నవ్వింది. ఆరు నెలలూ పూర్తిచేసింది. ఆమెకు అయిదో నెలలో ఎడమ చేతి మీద చుక్కలు వచ్చాయి.

శీతాకాలంలో సీలు తీశారు. మస్తూరా కుడి, నిగీనా ఎడమ, రెండూ మందు ట్యూబులే. ఎనభై మందిలో సగం మందికి పైగా మందు రాసిన చేతి వెనక రంగు తిరిగింది. వేలికొసలు మాత్రం ఎవరివీ మాట వినలేదు. మస్తూరా వేళ్లు పదీ చివర్లలో సుద్దముక్కల్లా అలాగే ఉండిపోయాయి. కుడిచేతి వెనక చుక్కలన్నీ కలిసిపోయి గోధుమరంగు పరుచుకుంది, అక్కడక్కడా అతుకులతో. ఎడమదాని మీద అవి చుక్కలుగానే మిగిలాయి. మందు మానేస్తే రంగు మళ్లీ పోవచ్చని కూడా ఫరంగీజ్ దాచకుండా చెప్పింది.

"పోతే పోనీ. మొహమాటం ముందే పోయింది" అంది మస్తూరా.

మర్నాడు గురువారం, హమాము నిండా జనం. హోసియత్ అడ్డొచ్చి నసిగింది. ఆవిడ హోసియత్‌ను పక్కకు జరిపి, ఆవిరి మధ్యలో వేడిరాయి దగ్గర నిలబడి రెండు చేతులూ పైకెత్తింది.

"అందరూ చూడండి! చూడ్డానికి ఏమీ కట్టక్కర్లేదు. ఇది అంటుకోదు. అంటుకునేదే అయితే ఏడాదిగా పక్కలో పడుకుంటున్న సత్తోర్‌కి అంటాలి. ముప్ఫై ఏళ్లలో వాడికి నా పనితనమే అంటలేదు, ఇదేం అంటుతుంది! ఇష్టమైనవాళ్లు పడుకోండి. లేనివాళ్లు గుల్సుమ్ దగ్గరికెళ్లి సగం మట్టితో ఇంటికి పొండి."

నవ్వులు గోపురం దాకా లేచాయి. ఇద్దరు మాత్రం చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. మిగతావాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటున్నారు. అప్పుడు ఎనభై దాటిన అంబర్ బీబీ, ఎండిన ఆప్రికాట్ లాంటి ముసలమ్మ, గోడ పట్టుకుని లేచి వచ్చి రాయి మీద బోర్లా పడుకుంది.

"నాకిప్పుడు కొత్త సంబంధాలేమైనా చూస్తున్నారా భయపడ్డానికి? ఆ పిల్లిపిల్ల రుద్దుళ్లతో ఏడాదిగా దురద చంపుతోంది. ఉపన్యాసం ఆపి రుద్దవే. నడుం దగ్గర, కొంచెం పైన. ఆ, అక్కడే."