దొరగారిని దింపిన కండక్టరు

మా కింది వాటాలో ఉండే కండక్టరుగారు ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సులో నిలబడే ఉద్యోగం చేశారు. ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా కూర్చోరు, ద్వారబంధం పట్టుకుని నిలబడే మాట్లాడతారు. మొదట్లో నాకది చిరాకుగా ఉండేది. నాకు చిరాకు రావడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు, మా ఆయన్ని అడిగితే చెబుతారు. ఇప్పుడు మాత్రం ఆ చెయ్యి మా గుమ్మంలో కనబడితే ప్రాణం లేచొస్తుంది.

ఆయన మొదటిసారి వచ్చింది పోట్లాటకే.

"అమ్మా, మా పడగ్గదిలో వాన పడుతోంది. పైన ఏం చేస్తున్నారు మీరు?"

చేపల తొట్టి నీళ్ళు మారుస్తూ బకెట్ ఒలకబోశాను. తప్పు నాదే అయినా గట్టిగా అరిచింది కూడా నేనే. అప్పటికే ఏడవడానికి సిద్ధంగా ఉన్నాను.

ఆ తొట్టి మా అక్కది. ఒంటరి మనిషి, తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో ఉంది. ఇక మా ఇంట్లోనే ఉండిపొమ్మన్నాం. తనకంటే ముందు తన ఐదు చేపలూ వచ్చాయి. అందులో పెద్ద పసుపు చేపకు దొరగారని అక్కే పేరు పెట్టింది. మా హాల్లోకి వచ్చిన మర్నాటి నుంచే దొరగారు రాళ్ళ గుహలో తిష్ఠ వేసి, కనబడినవాళ్ళనల్లా తరిమి కొరకడం మొదలుపెట్టారు. ఎక్కువ దెబ్బలు తిన్నది బుల్లోడు, వేలెడంత నీలం చేప. అక్క ప్రాణమంతా వాడిమీదే. ఫోన్ చేస్తే తన కాలి సంగతి చెప్పకముందే "బుల్లోడు తింటున్నాడా?" అని అడిగేది. "శుభ్రంగా తింటున్నాడక్కా" అనేదాన్ని. వాడు తిండి మానేసి నాలుగు రోజులైంది, తోక పీలికలైపోయింది. అక్క వచ్చేసరికి వాడు ఉండడేమోనన్న బెంగతో నాకూ అన్నం సహించేది కాదు.

నేను చేసిందల్లా బుల్లోణ్ణి తీసి బకెట్లో వేయడం, కాస్త తేరుకున్నాక మళ్ళీ తొట్టిలో వదలడం. వదిలిన ప్రతిసారీ ముందుకంటే ఎక్కువ తన్నులు తినేవాడు.

ఇదంతా విని కండక్టరుగారు వాన సంగతే మర్చిపోయారు.

"అదేంటమ్మా! బస్సులో గొడవైతే తన్నులు తిన్నవాణ్ణి దింపుతారా ఎవరైనా? కొట్టినవాణ్ణి కదా దింపాలి!"

"మళ్ళీ ఎక్కించుకోవాలిగా?"

"ఎక్కించుకుందాం. వాడెక్కేసరికి వాడి సీటు ఉండకూడదు, అంతే."

వలతో దొరగారిని పట్టి, గాలి గొట్టం పెట్టిన బకెట్లోకి దింపారు. "టికెట్ లేదు, దిగు నాయనా" అని కూడా అన్నారు. చొక్కా చేతులు మడిచి తొట్టిలో రాళ్ళన్నీ తీసి వేరేగా పేర్చారు. పెద్ద గుహ పోయి ఐదారు చిన్న సందులు వచ్చాయి. ఒకరి మొహం ఒకరికి అస్తమానం కనబడకుండా పగిలిన పూలకుండీ ముక్కలు అడ్డం నిలబెట్టారు. దొరగారు బకెట్లో ఉన్న నాలుగు రోజులూ పొద్దున్నే వచ్చి చూసి వెళ్ళారు. ఐదోనాడు తొట్టిలో లైటు ఆర్పి దొరగారిని వదిలారు. దొరగారు గుహ కోసం అటూ ఇటూ వెతికారు, దొరకలేదు. అలవాటు కొద్దీ ఒకరిద్దరిని తరిమారు గానీ మునుపటి జోరు లేదు. మర్నాడు బుల్లోడు కుండీ ముక్క చాటునుంచి వచ్చి మేత అందుకున్నాడు. నేను నిజంగానే ఏడ్చేశాను.

"ఇదంతా బస్సే నేర్పిందా మీకు?" అని అడిగాను.

"సగం బస్సు, సగం మా కోడలు. మా ఆవిడ పోయాక వీళ్ళ దగ్గరికొచ్చాను. వచ్చేసరికి ఇల్లంతా తలకిందులు చేసి పెట్టింది. వాళ్ళ మంచం, వంటింటి డబ్బాలు, టీవీ, అన్నీ కొత్త చోట్లలోనే. నాకు ఒళ్ళు మండింది, నేనొస్తున్నానని ఇంత గొడవెందుకని. నెల తిరిగాక తెలిసొచ్చింది. నన్ను ఓ మూల సర్దలేదమ్మా ఆ పిల్ల. అందరం ఒకేరోజు కొత్తింట్లో దిగినట్టు చేసింది. ఆ మాట తనతో ఇప్పటిదాకా అనలేదు."

"ఇవాళ అనండి" అన్నాను.

ఆయన వెళ్ళాక అక్క కోసం నేను సర్దిన గది చూశాను. పాత సూట్‌కేసులు, ఇస్త్రీ బల్ల, వాటి మధ్య ఓ మడత మంచం. సిగ్గేసింది. మా ఆయన ఎంత గొణిగినా వినకుండా రెండు రోజులు ఇల్లంతా మార్చాను. ఇన్నేళ్ళూ మాదైన కిటికీ గది ఖాళీ చేశాను.

అక్క చేతికర్రతో వచ్చి ముందు బుల్లోణ్ణి పలకరించింది. తర్వాత భుజాన సంచి దించకుండానే, చుట్టపుచూపుగా వచ్చినదానిలా అడిగింది.

"నేనెక్కడ కూర్చోనే?"

"ఏమోనక్కా, మాకే ఇంకా తెలీదు. ఈయన తన కుర్చీ కోసం పొద్దుట్నుంచి వెతుక్కుంటున్నారు."

అక్క పకపకా నవ్వి, దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడింది. అది మా ఆయనదే.