ఫర్గలీ మేస్త్రీ కూతురు నింపిన ఫారం

నజ్లాకు సిగ్గెక్కువ. ఆడపిల్లకు ఉండాలని పెద్దలు మెచ్చుకునే సిగ్గు కాదు, కన్నతండ్రిని చూసి పడే సిగ్గు. అలెగ్జాండ్రియాలోని బహరీ పేటలో, ట్రాం ఆగే చోట ఉండే ఫర్గలీ మేస్త్రీ బండి తెలియనివాళ్లు లేరు. ఎద్దు కార్జం సన్నగా కోసి, పచ్చిమిర్చి, వెల్లుల్లి వేసి పెనం మీద వేయించి, రొట్టెలో కూరి ఇస్తాడు. ఆ కార్జంతోనే కూతుర్ని బీయస్సీ దాకా చదివించాడు. ఆ కూతురేమో బడి రోజుల నుంచీ ఏ ఫారంలోనైనా 'తండ్రి వృత్తి' అన్నచోట 'సొంత పనులు' అని రాసేది. మా ఊళ్లో పైకి చెప్పుకోలేని వృత్తులన్నీ ఆ రెండు మాటల కిందే తలదాచుకుంటాయి.

ఎమ్మెస్సీ ఫారంలోనూ అదే రాసింది. దాని కింద ఇంకో గడి ఉంది: ఫిజియాలజీయా, పాథాలజీయా? మనసంతా పాథాలజీ మీదే, గడి మాత్రం ఇంకా నింపలేదు. ఎనిమిదేళ్లప్పుడే తండ్రి పక్కన స్టూలెక్కి నిలబడి, కార్జం మీద బొటనవేలు నొక్కి జరపడం నేర్చుకుంది. వేలు మెత్తగా జారితే మంచిది. ఇసకలా గరగరమంటే లోపల పురుగు కాపురం పెట్టినట్టే.

ప్రాక్టికల్ పరీక్షలో ఆ వేలే కొంప ముంచింది. అందరూ మైక్రోస్కోపులు సర్దుకుంటుంటే, ఈమె ట్రేలో ఉన్న కాలేయాన్ని ఒక్కసారి నొక్కి జబ్బు పేరు చెప్పేసింది.

"అబ్బో! కసాయి కొట్లో ట్యూషన్ పెట్టించుకున్నావేమిటే?" అంది తోటి విద్యార్థిని యుస్రా. గదంతా నవ్వింది. నజ్లా చెవులు కాలిపోయాయి. ఆ మంట చల్లారకముందే గడిలో 'ఫిజియాలజీ' అని రాసి ఇచ్చేసింది. అక్కడైతే మీటలూ గీతలే తప్ప కార్జం వాసన ఉండదు కదా.

మర్నాడు పాథాలజీ ప్రొఫెసర్ డాక్టర్ ఇస్మత్ పిలిపించింది.

"ఫిజియాలజీ అని రాశావట. ఆ వేలు పెట్టుకుని అక్కడేం చేస్తావమ్మా, నాడి లెక్కపెడతావా?"

నజ్లా నేల చూసింది.

"ఎవరు నేర్పారు నీకు?"

"పుస్తకంలో చదివానండీ."

"ఏ పుస్తకం? ముప్పై ఏళ్లుగా చదువుతున్నా, నాకెక్కడా కనబడలేదే!"

నజ్లా సంచీ పట్టీ సర్దుకుంది.

"సరే. గురువారం రెండింటిదాకా మార్చుకోవచ్చు. ఆలోచించుకో."

సాయంత్రం బండి దగ్గర నజ్లా, ప్రొఫెసర్ తన వేలును మెచ్చుకుందని చెబితే ఫర్గలీ గరిటె కింద పెట్టేశాడు.

"ఎవరు నేర్పారని అడగలేదా?"

"అడిగారు."

"ఏం చెప్పావ్?"

ఆ మొహం చూస్తూ నిజం ఎలా చెబుతుంది? "నువ్వేనని చెప్పాను నాన్నా," అనేసింది.

ఫర్గలీ పక్క టీకొట్టు వైపు కేకేశాడు. "ఒరే హసనైన్! యూనివర్సిటీలో నా పేరు చెప్పుకున్నార్రా!"

"ఎవరికైనా కడుపునొప్పి వచ్చిందా మేస్త్రీ?" అన్నాడు హసనైన్. తండ్రి పగలబడి నవ్వాడు. నజ్లా ఆయన వదిలేసిన గరిటె అందుకుని పెనం వైపు తిరిగింది.

గురువారం పొద్దున తండ్రి, ప్రొఫెసర్‌కు ఇవ్వమని రెండు పొట్లాలు చేతికిచ్చాడు. ఒకదాంట్లో కార్జం కూరిన ఇరవై రొట్టెలు, ఇంకోదాంట్లో ఆవిడ పరీక్షకని ఏరి దాచిన, పురుగు పట్టిన కార్జం.

"ఇవి తినడానికి, ఇది చూడ్డానికి. తారుమారు చెయ్యకే తల్లీ, పరువు పోతుంది!"

ట్రాం అంతా వెల్లుల్లి వాసన. జనం ముక్కులెగరేసి చూస్తున్నారు. నజ్లా పొట్లాలను సీటు కిందికి తోసి, ఏమీ ఎరగనట్టు దిగిపోయింది. తండ్రి చేతిపనిని చెత్తలా వదిలేసింది, అంత పనీ చేసింది. కానీ ఒక ముసలావిడ కిటికీలోంచి చెయ్యి చాపి, "అమ్మాయ్, నీ అన్నం మర్చిపోయావు!" అంటూ రెండూ అందించింది. నజ్లా అవి గుండెలకు హత్తుకుని రోడ్డు మీదే ఏడ్చింది.

ఒంటిగంటన్నరకు డాక్టర్ ఇస్మత్ గదిలోకి వెళ్లింది.

"ఏమిటివి?"

"నేను చదివానన్న పుస్తకం పంపించిందండీ," అంది నజ్లా. "మా నాన్న. బహరీలో కార్జం బండి మా నాన్నది."

ఆవిడ పొట్లం విప్పింది. ఒక రొట్టె తీసి కొరికి, నములుతూ ఫారం ముందుకు జరిపింది. నజ్లా రెండు గళ్లలో రాసినవి కొట్టేసింది. ఒకదాంట్లో పాథాలజీ అని, ఇంకోదాంట్లో కార్జం అమ్మకం అని రాసింది.

ఆ చలికాలంలో డాక్టర్ ఇస్మత్ ఫర్గలీని పిలిపించి, కొత్త పిల్లలకు వేలి విద్య చూపించమంది. ఆయన పండగ బట్టలు కట్టుకుని వచ్చి ట్రే ముందు నిలబడ్డాడు. పిల్లలు నోళ్లు తెరిచి చూస్తుంటే ఆయనకు ఉత్సాహం ఆగలేదు.

"మా అమ్మాయి నా పేరు దాచలేదు బాబూ. ఎవరు నేర్పారంటే మొదటిరోజే మా నాన్న అని చెప్పేసింది. అవునా డాక్టరమ్మా?"

డాక్టర్ ఇస్మత్ నజ్లా వైపు చూసింది. నజ్లా ట్రే మీదికి వంగింది.

"అవును మేస్త్రీ," అంది ఆవిడ. "మొదటిరోజే చెప్పింది."

పిల్లలు చప్పట్లు కొట్టారు. తండ్రి కూతురి కోసం చూశాడు. ఆమె ట్రేలోని కార్జం మీద వేలు పెట్టి, తల ఎత్తకుండా నిలబడిపోయింది.