రోడ్డు మీది పొయ్యి

ఇన్నేళ్లలో ఈ విషయం నన్ను ఎవరూ అడగలేదు. నేను చెప్పబోతే నిలబడి విన్నవాళ్లూ లేరు. మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లోని ఓ పుస్తకాల దుకాణంలో, నేను ఒకప్పుడు బొమ్మలు వేసిన వారపత్రిక తన పాత ముఖచిత్రాలన్నీ కలిపి వేసిన సంపుటి కనిపించింది. తిరగేశాను. వంటింట్లో పొయ్యి ముందు కూర్చున్న ఒకామె బొమ్మ కింద నా పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. తన పేరు చూసుకుని మండిపడే చిత్రకారుణ్ని బహుశా నేనొక్కణ్నే అయి ఉంటాను.

ముఖచిత్రానికి మనుషుల్ని ఊహించి వేయడం నాకు చేతకాదు. బస్టాపులో నిలబడి, కోచింగ్ సెంటర్ల వాళ్లు చేతిలో కుక్కే కరపత్రాల వెనుకవైపు, కంటబడ్డవాళ్లను గీసుకునేవాణ్ని. షేర్ ఆటోలో సగం బయటికి వేలాడే గుమాస్తా, జడ అల్లుకుంటూనే బస్సు వెంట పరుగెత్తే అమ్మాయి, అందరూ ఆ రోడ్డు మీదే దొరికారు. "మీ బొమ్మల్లో ఆడవాళ్లకి చెమట ఎక్కువండీ" అనేవారు మా సంపాదకులు. గోదావరి జిల్లా మనిషి. ఆ మాటా నేను మరిచిపోలేదు.

తెలంగాణ ఉద్యమం ఊపులో ఉన్న రోజుల్లో ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే వండి, అక్కడే తిని, బండ్లను కదలనీయని నిరసన అది. మా కింది వాటాలో కిరాయికి ఉండే అక్క గడ్డిఅన్నారం మార్కెట్‌లో బత్తాయిలు అమ్మేది. ఆ రోజు బేరం బంద్ పెట్టి వచ్చి, మూడు ఇటుకల పొయ్యి మీద గిన్నె ఎక్కించింది. రోడ్డు మధ్య తెల్లగీత సరిగ్గా పొయ్యి కిందుగా పోతోంది. వెనుక ఆగిపోయిన సిటీ బస్సు. లాఠీ పట్టుకున్న పోలీసాయనతో "సారూ, ఉప్పు సరిపోయిందో లేదో జర సూడు" అంటే, ఆయన నవ్వు దాచుకోవడానికి పక్కకు తిరిగాడు. గీస్తున్న నన్నూ వదల్లేదు.

"తమ్మీ, నా మొకం ఎట్లనన్న గియ్యి. గీ రోడ్డు మాత్రం మంచిగ గియ్యి. లేకుంటే ఇంట్ల వండుతున్నదనుకుంటరు."

రోడ్డు మంచిగానే గీశాను. సంపాదకులు చాలాసేపు చూసి "సమయం చూసి వేద్దామండీ" అన్నారు. ఆ సమయం వంటల ప్రత్యేక సంచికకు వచ్చింది. తెల్లగీత లేదు, బస్సు లేదు, పోలీసు లేడు. అక్క వెనుక ఒక గోడ, గోడకు వరసగా గరిటెలు. ఇటుకల పొయ్యిని మాత్రం తీయడం మరిచిపోయారు, కొత్తగా గీసిన గ్యాసు సిలిండర్ పక్కనే.

మార్కెట్‌లో ఎవరో అక్కకు చూపించారు. మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"మంచిగ ఇంట్లకు తోలినవ్ తమ్మీ."

"నేను కాదక్కా, ఆఫీసోళ్లు మార్చిండ్రు."

"కింద పేరెవ్వలది?"

ఆ తరవాత ఎదురుపడ్డా పలకరించడం మానేసింది. ఆఫీసుకు వెళ్లి అడిగితే సంపాదకులు "కనుక్కుంటానండీ" అని టీ ఇప్పించారు. మళ్లీ వెళ్తే టీ కూడా లేదు. రాష్ట్రం వచ్చింది, ఆయన రిటైరయ్యారు, మార్కెట్ అక్కణ్నుంచి తరలిపోయింది. అక్క ఇప్పుడు నాగోల్‌లో కూతురి దగ్గర ఉంటోంది. నా నోటిమాట ఆమె ఇక నమ్మదు. అచ్చులో తప్పుగా చూసినదాన్ని అచ్చులోనే సరిగా చూడాలి.

అందుకే ఇప్పుడు ఆ సంపాదకుడి కుర్చీలో కూర్చున్నవారిని అడుగుతున్నాను. రోడ్డును తీసేసింది చిత్రకారుడు కాదు, మేమేనని మీ పత్రికలో ఒక్క వాక్యం వేయండి. వేసేదాకా అడుగుతూనే ఉంటాను. కాలం అన్నిటినీ చెరిపేస్తుందంటారు గానీ, ఈ పాపం కాలం మీదికి నెట్టడానికి లేదు. పట్టపగలు, కుర్చీలో కూర్చుని, ఒక మనిషి చెరిపిన రోడ్డు అది. ఎవరు చెరపమన్నారు? జవాబు చెప్పండి.