ఎడమ చెంప మీది ఎండ

శ్యామలాంబగారు ఇక లేరు. ఈ ఒక్క వాక్యం రాసి, దాని వంకే చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను. పుష్యమాసం చివరి రోజుల్లో, కెనడాలోని మా విన్నిపెగ్ ఊరంతా గడ్డకట్టి ఉన్న ఒక ఉదయాన, ఆమె కూతురు కల్యాణి ఎదురింటినుంచి ఫోను చేసింది. “ఆంటీ, అమ్మ లేవట్లేదు. ప్లీజ్, రండి” అంది. కాళ్ళకి బూట్లయినా వేసుకోకుండా వీధి దాటాను. అంబులెన్సు వాళ్ళు వచ్చి, చేయవలసిందంతా చేసి, తలలు దించుకున్నారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు.

“బాధ లేకుండా వెళ్ళిపోయారు, అదే భగవంతుడి దయ” అని పరామర్శకు వచ్చినవారందరూ అన్నారు. ఏది జరిగినా ముందు కృతజ్ఞత చెప్పుకోవాలని చిన్ననాడు మా తాతగారు నేర్పారు కనుక నేనూ తల ఊపాను. కానీ ఆ మాట నా మనసుకి అంటలేదు. ఆమె బాధ లేకుండా వెళ్ళలేదని నాకు తెలుసు. ఆ బాధేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఈ ఊళ్ళో ఆమెను ఎరుగని తెలుగువారు అరుదు. పార్కా అనే దళసరి చలికోటు జిప్పు ఊడినా, పెళ్ళినాటికి బ్లౌజు బిగుతైనా అందరూ ఆమె ఆల్టరేషన్ షాపుకే నడిచేవారు. ఇక్కడి చలికాలంలో జిప్పు ఊడడమంటే ప్రాణం మీదికి రావడమే. బాగుచేసిన కోటు తొడిగి చూసుకుని, మెడ దగ్గర తెరిచి వదిలేసే కాలేజీ పిల్లల్ని ఆమె ఊరుకోనిచ్చేవారు కారు. “పైదాకా లాగమ్మా. ఫ్యాషన్లు ఏప్రిల్లో చేద్దువుగాని” అనేవారు.

నేను బడి గుమ్మం తొక్కినదాన్ని కాను. మా తాతగారు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన పద్యాలూ శ్లోకాలే నా విద్య. ఈ దేశం వచ్చిన కొత్తలో, నలుగురు చేరినచోట “మీరేం చదివారండీ?” అన్న ప్రశ్న నా వైపు వస్తోందంటే వంటింట్లోకి తప్పుకునేదాన్ని. ఒకనాడు అక్కయ్యగారు (శ్యామలాంబగారిని నేను అలాగే పిలిచేదాన్ని) నా మోచెయ్యి పట్టుకుని ఆపేశారు. అడిగినావిడతో, “ఈ అమ్మాయి చదువుకోలేదండీ, చదువు విన్నది. మనం చదివి మర్చిపోయాం, తనకి విన్నదంతా గుర్తుంది” అన్నారు. ఆ తర్వాత నేను ఎవరినుంచీ తప్పుకోలేదు. నేనీనాడు నాలుగు వాక్యాలు ధైర్యంగా రాయగలుగుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష.

ప్రతి ఉదయమూ సూర్యభగవానుడికి అర్ఘ్యం ఇవ్వడం ఆమె వ్రతం. ఇంటి వెనక చెక్క అరుగులాంటి డెక్ మీద, స్నో బూట్లూ మంకీ క్యాపూ, కీర్తిశేషులైన భర్తగారి పాత పార్కాతో నిలబడేవారు. చలికి రాగి వేళ్ళకి అంటుకుపోతుందని చెంబుకి ఉన్ని తొడుగు కుట్టారు. “చెంబుకి స్వెట్టరేమిటండీ!” అని నేను నవ్వితే, “నువ్వు వేసుకోలేదూ? దానికీ చలే” అన్నారు. సూర్యుణ్ణి సూటిగా చూసేవారు కారు, జారే నీటిధారలోంచి చూసేవారు. ఆ నీళ్ళు రోజురోజుకీ పేరుకుని, గడ్డకట్టి, డెక్ పక్కన నున్నని చిన్న దిబ్బ అయ్యేది. మార్చిలో అది కరగడం మొదలుపెడితే, “చూడవే, ఇన్నాళ్ళూ ఇచ్చింది ఇప్పుడు పుచ్చుకుంటున్నాడు” అని మురిసిపోయేవారు.

రథసప్తమి స్నానానికి జిల్లేడాకులు ఇక్కడ ఎక్కడివి? ఆకురాలు కాలంలోనే మేపుల్ ఆకులు ఏరి, పుస్తకాల మధ్య ఆరబెట్టి, ఏడేసి చొప్పున ఇంటింటికీ పంచేవారు. మా తెలుగు సంఘంలో యాత్రలు నడిపే మూర్తిగారికి వేళాకోళం ఎక్కువ. “శ్యామలమ్మగారూ, కెనడా జెండా మీది ఆకు నెత్తిన పెట్టుకుని స్నానం చేయమంటారా?” అన్నారొకసారి. “పెట్టుకోండి, సిటిజెన్‌షిప్ తీసుకున్నారుగా!” అన్నారామె. తర్వాత గంభీరంగా ఒక మాట చెప్పారు. “ఆకు మారినా ఫరవాలేదండీ. దిక్కు మారకూడదు.” ఆ మాట మీద ఆమె జీవితమంతా నిలబడింది. ఆ మాటే చివరికి ఆమెను కుంగదీసింది.

మూడేళ్ళ కిందట ఆమె చూపు మందగించింది. సూదిలో దారం ఎక్కించమని నాకివ్వడం మొదలుపెట్టినప్పుడు పని ఎక్కువై అలసిపోతున్నారనుకున్నాను. కంటి వెనక పొర క్షీణిస్తోందనీ, ఆపడమే గాని బాగుచేయడం లేదనీ డాక్టరు చెప్పారట. చూపు నడుమ నల్లని మచ్చ, చుట్టూ మసక వెలుగు. “గ్రహణం నా కంట్లోనే పట్టిందే. విడుపు మాత్రం లేదు” అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ రోజుల్లోనే మూర్తిగారు దక్షిణ అమెరికాలోని పెరూ దేశానికి యాత్ర సంగతి తెచ్చారు. మాచు పిచ్చు అనే కొండ మీద, సూర్యుణ్ణి కొలిచే ఇన్కాలు అనే పూర్వపు జాతివారు కట్టిన నగరం శిథిలమై ఉందనీ, అక్కడ సూర్యుణ్ణి కట్టేసే రాయి ఉందనీ చెప్పారు. శీతాకాలంలో ఆయన తమను విడిచి దూరంగా పోకుండా ఆ రాతికి కట్టేవారట. అక్కయ్యగారి ముఖం వెలిగిపోయింది. “ఆ రాయి ఉండవలసింది విన్నిపెగ్‌లో కదండీ!” అన్నారు. ఇంటికి వస్తుంటే మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “ఈ మిగిలిన చూపుతో ఒక్కసారి అక్కడ ఆయన్ని చూడాలే. ఆ తర్వాత పోతే పోనీ” అన్నారు. కిందటి జూన్‌లో మేము బయలుదేరింది అందుకే.

కుస్కో నగరంనుంచి ఒక్కరోజు ప్రయాణం. చీకటితోనే బస్సు, తర్వాత నది వెంట రైలు, ఆపైన కొండ మలుపుల మీదుగా మరొక బస్సు. రోసా అనే గైడు ఎర్రజెండా ఎత్తిపట్టుకుని మా ముందు నడిచింది. లోపలికి వెళ్ళకముందే హెచ్చరించింది. రాళ్ళను తాకకూడదు. దారి ఒకవైపే, వెనక్కి తిరగకూడదు. ఒకసారి బయటికి వస్తే మళ్ళీ రానివ్వరు. ఇవన్నీ అక్కయ్యగారికి తెలుగులో చెప్పాను. “తిరుమల క్యూలాగే అన్నమాట” అన్నారు.

లోపలంతా మబ్బు. నాలుగడుగుల అవతల మనిషి కనబడలేదు. “ఏం కనబడుతోందే?” అని అడిగారు. “తెల్లగా ఉందండీ, ఇంకేమీ లేదు” అన్నాను. “అయితే ఇవాళ మీ అందరికీ నా కళ్ళే!” అని ఫక్కున నవ్వారు. వారిని నేనలా నవ్వగా చూడడం అదే ఆఖరు. మెట్టు మెట్టుకీ ఆగి, నా భుజం పట్టుకుని ఎక్కారు. రాయి దగ్గర మబ్బు విడేదాకా కాసేపు నిలబడనిస్తారని రోసా చెప్పినప్పుడు, కొంగు సర్దుకుని, పెదవులు కదుపుతూ జపం మొదలుపెట్టారు.

రాయి చుట్టూ తాడు కట్టి ఉంది. దారి దాన్ని చుట్టి సాగింది. రెండడుగులు వేసి అక్కయ్యగారు టక్కున ఆగిపోయారు. “రాయి ఎటువైపుందే?” అన్నారు. “మన ఎడమకండీ.” “ఎడమకా? దేవుణ్ణి ఎడమచేతికి పెట్టుకుని చుట్టి రావడమా? అది చనిపోయినవాళ్ళకి చేసేది. నేను రాను.”

“శ్యామలమ్మగారూ, ఇది అన్నవరం కాదండీ. వాళ్ళ రూల్ ఇది. ముందుకి నడవండి, వెనక జనం ఆగిపోయారు” అన్నారు మూర్తిగారు.

“మీరు నడవండి మూర్తిగారూ. నేను ఇటునుంచి వెళ్ళి కుడిచేతికి పెట్టుకుని వస్తాను” అంటూనే ఆమె వెనక్కి తిరిగి, వచ్చేవారికి ఎదురుగా నడిచారు. నేను ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాను. జనం పక్కకి ఒదిగారు, ఎవరో విసుక్కున్నారు. కాపలా మనిషి ఈల వేశాడు. ఆమె ఆగలేదు. రెండోసారి ఈల వేసి, ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. రోసా పరుగున వచ్చి అతణ్ణి బతిమాలింది. పెద్దావిడనీ, చూపు ఆనదనీ చెప్పింది. అతను కటువుగా ఏమీ మాట్లాడలేదు. వెనక్కి నడిచినవారు బయటికి వెళ్ళవలసిందేనని చెప్పి, దగ్గరి దారిన మమ్మల్ని గేటు దాటించాడు.

బస్సు క్యూలో నిలబడ్డాం. ఉన్నట్టుండి మబ్బు విచ్చింది. ఎండ మా మీద ధారగా పడింది. కొండకొమ్ము చాటున ఉన్న ఆ నగరం అక్కడికి కనబడదు. లోపల ఉన్నవారంతా అదే క్షణంలో ఆ రాతినీ, దాని మీది వెలుగునూ చూశారని తర్వాత తెలిసింది.

“తూర్పు ఎటే?” అన్నారు అక్కయ్యగారు. భుజాలు పట్టి తిప్పి నిలబెట్టాను. కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే ఉండి, తమ ఎడమ చెంప తడిమి చూసుకున్నారు. “మనింట్లో తూర్పుకి తిరిగితే, పొద్దెక్కేకొద్దీ ఎండ కుడి చెంప మీదికి వస్తుంది. ఇక్కడ ఎడమకి వస్తోంది. ఈ దేశంలో ఆయన ఎడమకే తిరుగుతాడే” అన్నారు. నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్న ఆ దేశంలో సూర్యుడు ఉత్తరం పక్కగా పడమటికి వెళ్తాడు. ప్రదక్షిణమంటే సూర్యుడు తిరిగినట్టు తిరగడమే కదా. ఆ తాడు కట్టిన దారే ఆయన దారి. అందరూ ఆయన వెంట నడిచారు. జీవితమంతా ఆయన్ని కొలిచిన ఆ ఒక్క మనిషే ఎదురు నడిచింది.

“నా సవ్యం ఆయనకి అపసవ్యమైంది” అన్నారు. తిరుగు రైల్లో మూర్తిగారు, పాపం, నొచ్చుకుని, తన ఫోన్లో వీడియో తెచ్చి ఆమె ముఖం ముందు పెట్టారు. “చూడండమ్మా, ఎంత బాగా వచ్చిందో!” ఆమె ఫోను వైపు మర్యాదగా తల తిప్పి, “బాగుందండీ” అన్నారు. ఆమెకి ఏమీ కనబడలేదని నాకు తెలుసు.

తిరిగి వచ్చాక ఆమె అర్ఘ్యం మానేశారు. “ఎదురు తిరిగినదాన్ని. ఏ ముఖం పెట్టుకుని నీళ్ళు వదలనే?” అన్నారు. ఆకులు రాలేనాటికి చూపు పూర్తిగా పోయింది. మేపుల్ ఆకులు నేను ఏరి తెచ్చి ఒళ్ళో పోస్తే, వాటిని నిమిరి పక్కన పెట్టేశారు. ఈ చలికాలం డెక్ పక్కన మంచే గాని దిబ్బ లేదు.

“ఆయనకి కోపం వచ్చిందంటావా?” అని పదే పదే అడిగేవారు. నాకు తెలిసిన శ్లోకాలన్నీ చెప్పాను. తెలియక చేసినదానికి దోషం లేదన్నాను. “దేవుడికి కుడి ఎడమలేమిటి అక్కయ్యగారూ?” అని కూడా అన్నాను. “ఆయనకి ఉండవే. నాకు ఉండాలిగా. అవి పట్టుకునే కదా ఇంతకాలం నడిచాను” అన్నారు.

ఆమె పోవడానికి కొద్దిరోజుల ముందు, కొరికే చలిలో, సూర్యుడికి ఇరుపక్కలా మరో రెండు సూర్యబింబాల్లాంటి వెలుగులు పొడిచాయి. ఈ ప్రాంతంలో అప్పుడప్పుడు కనబడేవే. ఆమె మనసు తేలికవుతుందని ఫోను చేసి, “అక్కయ్యగారూ, ఇవాళ ముగ్గురు వచ్చారండీ!” అన్నాను. “ముగ్గురిలో ఎవరిని క్షమించమని అడగను?” అన్నారు. నేను విన్న ఆమె ఆఖరి మాట అది.

అక్కయ్యగారూ, ఇన్నేళ్ళూ ప్రతిదానికీ ఆ స్వామికి కృతజ్ఞత చెప్పుకున్నాను. మీరు నాకు దొరికినందుకు ఇప్పటికీ చెప్పుకుంటున్నాను. మిమ్మల్ని ఆ దిగులుతోనే తీసుకుపోయినందుకు మాత్రం చెప్పలేకపోతున్నాను. మీ స్థానంలో నిలబడగల మనిషి ఈ ఊరికి ఇక రారు. ఆయనకి నిజంగా కోపమే ఉంటే, అది మిమ్మల్ని విడిచి నా మీదికి రావాలని వేడుకుంటూ, మీ పాదాలకు నమస్కరిస్తున్నాను.