మీ మనవి చేరింది

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్ళూ మోశాను. ఆడినప్పుడు చిన్నదే. మోస్తున్నకొద్దీ బరువెక్కింది. మీరు నన్నెరగరు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

అనకాపల్లిలో నెట్ సెంటర్లు కిటకిటలాడిన రోజులవి. నేనూ ఒకదాంట్లో పనిచేసేదాన్ని. వెబ్‌సైట్లు చెయ్యడం నేర్చుకున్నాను, తెలుగులో బ్లాగు కూడా రాసేదాన్ని. బ్లాగంతా పక్కవాళ్ళ వెబ్‌సైట్లకు వంకలు పెట్టడమే. అక్షరాలు చీమల్లా ఉన్నాయని, ప్రకటనలు కళ్ళు పొడుస్తున్నాయని. నొక్కితే పనిచెయ్యని బటన్ పెట్టడమంటే చదివేవాణ్ణి మోసం చెయ్యడమేనని ఒకసారి రాస్తే ఎంతమంది మెచ్చుకున్నారో. చెప్పేవి శ్రీరంగనీతులు. చేసింది వినండి.

మా చర్చికి వెబ్‌సైట్ చేసిపెట్టమని పాస్టరు అయ్యగారు అడిగారు. ఎదురుగా చెప్పుకోలేనివాళ్ళు ప్రార్థన మనవి రాసి పంపుకునే చోటు ఒకటి ఉండాలన్నారు. ఆయన ముచ్చటపడింది అదొక్కటే. కానీ ఆ వెబ్‌సైట్ పెట్టడానికి నెట్‌లో ఉచితంగా దొరికిన జాగాలోంచి, రాసింది ఆయన మెయిల్‌కు వెళ్ళే దారి లేదు. ఎంత తంటాలు పడ్డా కుదరలేదు. ఆదివారం అందరికీ చూపించాలి. బటన్ నొక్కగానే 'మీ మనవి చేరింది' అని కనబడే పేజీ ఒకటి పెట్టేశాను. ఎక్కడికీ చేరదు. తర్వాత సరిచేద్దాంలే అనుకున్నాను. ఆ ఆదివారం నన్ను ముందుకు పిలిచి అందరూ చప్పట్లు కొట్టారు.

బుధవారం, ఈ సంగతి ఎవరో చెబితే, సుగుణమ్మ పిన్ని కశింకోట నుంచి ఆటోలో మా నెట్ సెంటరుకు వచ్చింది. బంధుత్వం లేదు, చర్చిలో పరిచయం. ఆమె భర్త తాగే రోజుల్లో చర్చిలో గొడవపడి మానేశాడు. సిగ్గుతో ఆమె కూడా రావడం మానుకుంది. ఇప్పుడాయన మంచాన పడ్డాడు. అయ్యగారు ఒక్కసారి ఇంటికొచ్చి తలమీద చెయ్యేసి ప్రార్థిస్తే చాలంటున్నాడట. వెళ్ళి అడగడానికి ఆమెకు మొహం చెల్లలేదు. ఆమె చెబుతుంటే నేనే టైపు చేశాను. నేనే నొక్కాను.

తెర పైభాగంలో, ఆ ఉచిత జాగావాళ్ళు పెట్టిన ప్రకటన ఒకటి, ఏదో బహుమతి గెలిచారంటూ మిలమిలా మెరుస్తోంది.

"అదేటి పాపా, మెరిసిపోతంది?"

"అదొట్టి అబద్ధం పిన్నీ. దానికేసి చూడకు. కిందది చదువు."

ఆమె కూడబలుక్కుని చదివింది. తర్వాత నాకేసి తిరిగింది.

"అయితే అయ్యగారికి అందినట్టే?"

"అందినట్టే."

కళ్ళు తుడుచుకుని నా చేతులు రెండూ పట్టుకుంది. ఎందుకలా అన్నాను? ఇది పనిచెయ్యదు పిన్నీ, నేనెళ్ళి చెబుతాను అంటే నా సొమ్మేం పోయేది? చర్చి రెండు వీధుల అవతలే. పోయేది ఆ చప్పట్లు, అంతే.

ఆదివారం చెప్పేద్దామనే వెళ్ళాను. నోరు తెరిచేలోపే అయ్యగారు, ఎవరైనా మనవి పంపారా అమ్మా, నాకేమీ రాలేదు అన్నారు. చుట్టూ జనం. ఇంకా ఎవరూ పంపలేదండీ అన్నాను.

పిన్ని మరోసారి వచ్చింది. మళ్ళీ పంపమంది. మళ్ళీ నొక్కాను. నాలుగు రోజులకు ఆమె భర్త పోయాడు.

సమాధి దగ్గర అయ్యగారు, ఒక్క కబురు చేసుంటే పరుగున వచ్చేవాణ్ణి కదమ్మా అని నొచ్చుకున్నారు. పిన్ని తలెత్తలేదు. ఆయన అబద్ధమాడుతున్నారనుకుంది. నేను ఇద్దరి మధ్యా నిలబడి ఉన్నాను. ఆయన అటు వెళ్ళాక నా చెయ్యి పట్టుకుంది.

"నీ తప్పేటుంది పాపా. నువ్వు పంపేవు. ఆయనకే మామీద మనసు రానేదు."

తర్వాత ఆమె ఏ చర్చి గడపా తొక్కలేదు. అయ్యగారు బదిలీ మీద వెళ్ళిపోయారు. బటన్ తీసేశాను. ఎవరూ అడగలేదు. పిన్ని పోయి రెండేళ్ళయింది. దేవుడి మనుషులకు తాము పనికిరామనుకుంటూనే పోయింది. బతికున్నన్నాళ్ళూ కశింకోట ఎంత దూరం నాకు? ఆటోలో పది నిమిషాలు.

ఇది రాస్తుంటే మనసు కాస్త తేలికపడుతోంది. అలా తేలికపడే హక్కు నాకుందో లేదో తెలియదు.

పిన్నీ, నీ మాట అయ్యగారికి అందలేదు. అంది ఉంటే ఆ రోజే వచ్చేవారు.