ఇరవై మణుగుల పందెం

మంగళగిరి మార్కండేయులు నేతపనిలో ఘనుడే గానీ, పొట్టను అదుపులో పెట్టడం మాత్రం ఆయన తరం కాలేదు. బెజవాడ తిరుపతిరావు పడవకి తెరచాప గుడ్డ నేసిచ్చి, ఆ వంకతో పందెంలో కూడా ఎక్కి కూర్చున్నాడు. అదేం పిచ్చో! యుద్ధం ముగిసిన రోజులవి. బెజవాడ ఆనకట్టకు ఎగువన ఏట్లో జరిగే తెరచాప పడవల పందేనికి ఒక కట్టడి ఉండేది: పడవకి నలుగురు మనుషులు, నలుగురి బరువూ కలిపి ఇరవై మణుగులు దాటకూడదు. పోయినేడు దాటింది. ఎవరి వల్లో వేరే చెప్పాలా? పడవని ఒడ్డునే ఆపేశారు. చూసినవాళ్లంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు.

ఈసారి గెలవకపోతే మగ్గం ముందు కూర్చున్నా ఆ నవ్వే వినబడుతుందని మార్కండేయులి భయం. నెల్లాళ్లు ఒంటిపూట మజ్జిగన్నంతో గడిపాడు. "ఏవయ్యా, నీకేవన్నా పట్టిందా? మనిషివి సగమైపోయావు!" అని భార్య చౌడేశ్వరమ్మ మొత్తుకున్నా వినలేదు. ఆషాఢంలో, పందెం రోజున, వడ్లు తూచే కాటా మీద నలుగురూ నిలబడ్డారు. ముల్లు సరిగ్గా ఇరవై మణుగుల దగ్గర నిలిచింది. మార్కండేయులు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

తీరా పడవ ఏటి నడిమికి చేరేసరికి పడమటిగాలి విరుచుకుపడింది. తెరచాప పడవని ఒక పక్కకి లాగేస్తోంది. రెండో పక్క అంచున కూర్చుని, వెనక్కి వాలి నిలబెట్టాల్సింది మార్కండేయులే. ఎంత వాలినా చాలడం లేదు. కడుపు మాడ్చుకుని తగ్గించిన బరువే ఇప్పుడు కావాల్సొచ్చింది, చూశారా ఖర్మ!

"బావా, మునుగుతాం! తెర దించేస్తా!" అని చుక్కాని దగ్గర్నించి తిరుపతిరావు అరిచాడు.

"దించావో, నా మీద ఒట్టే!" అన్నాడు మార్కండేయులు.

కప్పుకోను తెచ్చుకున్న ముతక దుప్పటిని ఏట్లో ముంచి, నీళ్లోడుతుండగానే నడుముకి చుట్టి ముడేశాడు. అలవాటైన చెయ్యి కదా, తెగిన పోగులు అతికే నేతముడే పడింది. అది బిగిసిందంటే ఊడదు. మళ్లీ వెనక్కి వాలాడు. పడవ నిటారుగా లేచి, ముందున్నవాళ్లని దాటేసింది. పందెం ముగిసే చోటి జెండా కనబడుతోంది.

అంతలో గాలి ఠక్కున ఆగిపోయింది. వెనక్కి వాలిన మనిషి వెనక్కే ఏట్లో పడ్డాడు. తడిదుప్పటి అడుక్కి లాగేస్తోంటే ముడి కోసం తడుముకున్నాడు. గోళ్లు విరిగాయి గానీ ముడి రాలేదు. పైన పడవ అడుగు నల్లగా ముందుకి జరిగిపోతోంది. పోనీలే, వాళ్లైనా గెలుస్తారు అనుకున్నాడు, పిచ్చిమారాజు.

కళ్లు తెరిచేసరికి ఒడ్డున ఇసకలో ఉన్నాడు. తల చౌడేశ్వరమ్మ ఒళ్లో ఉంది. పక్కనే తిరుపతిరావు, నిలువెల్లా తడిసి, దుప్పటి కోసిన కత్తి ఇంకా పట్టుకునే కూర్చున్నాడు. దూరంగా జెండా దగ్గర ఎవరివో డప్పులు మోగుతున్నాయి.

"గెలిచామా?" అన్నాడు మార్కండేయులు.

తిరుపతిరావు డప్పుల వైపు చూడలేదు. "గెలిచాం బావా" అన్నాడు.

చౌడేశ్వరమ్మ మొగుడి భుజం మీద ఒక్కటి చరిచి బావురుమంది. మార్కండేయులు ఆ డప్పుల వైపోసారి, కత్తి వైపోసారి చూశాడు. తిరుపతిరావు చెయ్యి రెండు చేతులా పట్టుకుని ఏడ్చాడు.